ఎడమ పక్క వెనక చక్రం

హలో… ఆఁ, నేనేనండీ, మావయ్యని. తాడేపల్లిగూడెం నుంచి.

మనోజ్ బాబూ, బండి నడుపుతున్నారా?… అయితే ముందు పక్కకి తీసి ఆపండి. ఆపాక మాట్లాడదాం.

…

లేదు, లేదు, ఇక్కడందరం బాగానే ఉన్నాం. మీ అత్తగారికేం కాలేదు, దొడ్లో బట్టలారేస్తోంది. ఆపారా?… ఏంటీ?… సిగ్నలు సరిగ్గా లేదనుకుంటా, కాస్త గట్టిగా చెప్పండి… ఆఁ, దెందులూరు దాటారా. గుండుగొలను ఇంకా రాలేదు కదా? సరే. ఇంక అక్కడే ఉండండి.

మెర్సీ, పాప బండిలోనే ఉన్నారా?… వెనకాల జనరేటరు కూడా తగిలించారా?…

అయ్యో.

అదేనండీ, మీ అత్తగారు ఇప్పుడే చెప్పింది. గుండుగొలను సువార్త కూటాలకి లైట్లూ మైకూ మీవేనంట, మెర్సీనీ పాపనీ కూడా ఎక్కించుకుని కైకలూరులో పొద్దున్నే బయల్దేరారంట. నేను వచ్చే వారమనుకున్నాను.

ఒక్క పని చెయ్యండి. వాళ్ళిద్దర్నీ దింపేసి రోడ్డుకి దూరంగా నిలబెట్టండి… ఎందుకో చెప్తాను. ముందు దింపండి బాబూ.

…

దిగారా? హమ్మయ్య.

ఇప్పుడు మీరు ఎడమ పక్క వెనక చక్రం దగ్గరికెళ్ళండి. చెయ్యి ఆనించకండి, కాలుతుంది. దగ్గరగా పెట్టి చూడండి చాలు… వేడిగా ఉందా?… కుడి పక్కది?… అంతే. ఎడమదే మండిపోతోంది. కిందికి వంగి టైరు లోపలివైపు చూడండి, ఆయిలు కారిన చారలేమన్నా…

ఉన్నాయా.

ఇంక దాన్ని ఒక్క అడుగు కూడా కదపొద్దండీ. లోపల బేరింగు పోయింది. అది విరిగిందంటే చక్రం ఇరుసుతో సహా ఊడి బయటికొచ్చేస్తుంది. ఒట్టి బండి కాబట్టి ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది. వెనకాల అంత బరువు లాగిస్తే ఆగదు.

…

ఎవరికి?… జగ్గారావుగారికా? వద్దు, వద్దు. ఆగండి. ఆయనకి ఫోను చెయ్యకండి. ఆయన మనల్ని మోసం చెయ్యలేదు.

…

తెలుసు కాబట్టే చెప్తున్నాను. అమ్మేటప్పుడు ఆయనేమీ దాచలేదు.

…

చెప్తాను బాబూ. చెప్పడానికే చేశాను.

ఆ రోజు ఏలూరులో మూడు బళ్ళు చూశాం కదండీ. ఆ బూడిదరంగుది ఇంటిల్లిపాదికీ బాగుంటుంది గానీ జనరేటరు లాగలేదన్నాను. ఆ పాత జీపు ఏదైనా లాగుతుంది గానీ, వానొస్తే పాపని ఎక్కడ కూర్చోబెడతారన్నాను. అంతవరకూ నిజమే చెప్పాను. అవి కంటితో చూసి చెప్పేవి.

ఈ తెల్లబండి దగ్గరికొచ్చేసరికి మీరేమన్నారూ? “మావయ్యగారూ, ఒకసారి వినండి” అన్నారు. జగ్గారావుగారితో కూడా గొప్పగా చెప్పారు, “మా మావయ్యగారు ఏదీ విప్పి చూడక్కర్లేదండీ, చెవి పెడితే చాలు” అని.

పెట్టాను. బానెట్టు మీద చెవి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. మీరందరూ మాటలు కూడా ఆపేశారు.

నాకేం వినపడలేదండీ.

…

చప్పుడు లేదని కాదు. ఉంది. ఎక్కి నడిపి చూసినప్పుడు కూడా నాకే వినపడలేదు. రెండేళ్ళయింది. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో లావు చప్పుళ్ళు తప్ప సన్నటివేవీ పడవు. ఇంజను దడ చేత్తో పట్టుకుని చెప్పేస్తున్నాను. వెనక బేరింగు కూస్తే నాకు అందదు.

…

సిగ్నలు బాగానే ఉందండీ. ఇందాక అబద్ధం చెప్పాను. ఎవరడిగినా అదే చెప్తుంటాను.

…

మరి “ఈ బండే తీసుకోండి” అని ఎందుకన్నానంటే… ఏం చెప్పనూ. “నాకు తెలీట్లేదు, ఇంకో మేస్త్రికి చూపించండి” అనడానికి ప్రాణం ఒప్పలేదు. ముప్పై ఏళ్ళు మెకానిక్ షెడ్డు నడిపినవాణ్ణి. అల్లుడి ముందు ఆ మాట అనలేకపోయాను. “శ్రేష్ఠంగా ఉంది” అనేశాను.

…

లేదు, ఇవాళ తెలిసింది కాదు. అదే కదా నా సిగ్గు.

మొన్న ఆదివారం అందరం ఆరాధనకి గుడికెళ్ళాం కదా. దారిలో మెర్సీ అడిగింది, “నాన్నా, వెనకాల్నుంచి ఏదో ఊళేస్తోంది?” అని. గాలమ్మా అన్నాను. గుడి దగ్గర దిగాక, చెప్పు సవరించుకుంటున్నట్టు వంగి చక్రం మీద చెయ్యేశాను. చురుక్కుమంది.

అప్పుడే చెప్పాలి. చెప్తే, కొనేటప్పుడు ఎలా తెలీలేదని అడుగుతారు.

…

ఆఁ, అందుకేనండీ సోమవారం ఆయిలు మారుద్దాం తీసుకురమ్మన్నది. మీకు తెలీకుండా బేరింగు మార్చేసి పంపించేద్దామనుకున్నాను. మీకు కుదర్లేదు. నేనూ గట్టిగా రమ్మనలేదు.

ఇంకా ఉందండీ. వినండి.

బుధవారం ఏలూరెళ్ళి జగ్గారావుగారి మీద పడ్డాను. నలుగురూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే “పాడైపోయిన బండి మా పిల్లలకి అంటగడతావా” అని కేకలేశాను. ఆయన ఏదో అంటున్నాడు, నేను వినిపించుకోను. అసలు వినపడితే కదా. ఆయన నన్నలా కాసేపు చూసి, చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. ఒక కాగితం తీసి దాని మీద రాశాడు.

“వెనక బేరింగు చప్పుడు చేస్తోంది, మార్పించకుండా బరువు లాగించొద్దని మీ అల్లుడుగారు పక్కకెళ్ళినప్పుడు, ఇంజను తిరుగుతుండగానే మీకు చెప్పానండీ. మీరు సరేనని తలూపారు.”

…

ఊపే ఉంటానండీ. పెదాలు కదిలితే తలూపడం నాకు అలవాటైపోయింది.

నోటితో చెప్పకుండా కాగితమ్మీద ఎందుకు రాశాడో అర్థమైంది కదా మీకు. అంత మాట పడి కూడా, బయట కూర్చున్నవాళ్ళకి నా సంగతి తెలీకూడదని తలుపు దగ్గరికి వేశాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. తలెత్తి ఆయన మొహం చూళ్ళేకపోయాను.

బస్సులో మీకే ఫోను చెయ్యాలనుకున్నాను. ఇంటికెళ్ళాక అనుకున్నాను. రేపనుకున్నాను. ఇవాళ శనివారం. ఆదివారం నుంచీ నా కూతురూ మనవరాలూ ఆ బళ్ళో తిరుగుతున్నారని తెలిసే అన్నం తిన్నానండీ.

…

మనోజ్ బాబూ?…

ఉన్నారా?… ఏదో ఒకటి అనండి. తిట్టినా పర్లేదు. తిట్టకపోతేనే కష్టంగా ఉంది.

…

ఏంటండీ? “తిట్టను” అన్నారా?… కాదా?… “తిట్టాలనే ఉంది” అన్నారా. ఆఁ. ఉంటుంది. ఉండాలి.

…

మెర్సీకివ్వండి. తనకీ చెప్పాలి కదా.

అమ్మా మెర్సీ… గట్టిగా మాట్లాడు తల్లీ, గట్టిగా… విన్నావా అంతా. పక్కనే ఉన్నావా.

…

డాక్టరు దగ్గరికా? వెళ్ళలేదమ్మా. వెళ్తే గూడెమంతా తెలిసిపోద్దని.

…

గుళ్ళోనా?… పాడట్లేదమ్మా. పక్కవాళ్ళని చూసి నోరు కదుపుతున్నానంతే.

…

ఏడవకు. ఏడిస్తే నీ మాట అస్సలు తెలీట్లేదు… అమ్మకా? ఇంకా చెప్పలేదు. టీవీ సౌండు గురించి రోజూ తిడుతుంది, ముసలితనం వచ్చి మొండికేస్తున్నాననుకుంటోంది. అలాగే అనుకోనిచ్చాను.

…

వస్తున్నాను. ఇప్పుడే బయల్దేరుతున్నాను. బేరింగు బుధవారమే కొని షెడ్డులో పెట్టాను. జాకీ, పనిముట్లు తెస్తాను. చేతులకేం కాలేదమ్మా, గంటన్నరలో బిగించేస్తాను. బిగించాక బండి ఎక్కి నడిపి, చప్పుడుందో లేదో మనోజ్ వినాలి. బాగుందని నేను చెప్పను. ఇంక ఏ బండికీ చెప్పను.

ఈలోగా అక్కడెవరిదైనా ట్రాక్టరు అడిగి జనరేటరు కూటాలకి పంపించెయ్యమను. ఆలస్యమైందని కూటాలు పెట్టించిన ప్రసాదరావుగారు ఏమన్నా అంటే, నా వల్లేనని నేనే చెప్తాను. జగ్గారావుగారి దగ్గరికి కూడా రేపు వెళ్తాను. ఆ రోజు ఎవరి ముందు అరిచానో, వాళ్ళ ముందే మాట్లాడతాను.

…

పాపా? ఇవ్వు, ఇవ్వు.

ఆఁ, క్రిస్టినా, చెప్పు బంగారం… … ఆఁ… ఆఁ… అలాగేనమ్మా, అలాగే—

కాదు. ఉండు తల్లీ.

అలాగేనని ఊరికే అనేశాను. నువ్వేమన్నావో తాతయ్యకి ఒక్క ముక్క కూడా వినపడలేదు. పెట్టెయ్యకు, ఒక్క నిమిషం.

నిర్మలా! నిర్మలా, ఇలా రా… ఆ బట్టలు తర్వాత. ఇలా వచ్చి నా పక్కన నిలబడు… నాకు చెవులు వినపట్లేదు నిర్మలా… ఆఁ, నిజంగానే. చాన్నాళ్ళయింది… తర్వాత తిడుదువు గాని. ముందు ఈ ఫోను తీసుకుని, పాప ఏమంటోందో విని, నాకు గట్టిగా చెప్పు.