పెట్టెలో పడిన పేరు

మధ్యాహ్నం. వంటింటి పక్క గదిలో చిన్నకోడలు, ఆమె ఒళ్ళో లాప్‌టాప్. గుమ్మంలో పెద్దకోడలు. హాల్లో పడక్కుర్చీలో పెద్దకోడలి భర్త, ఇంటి పెద్దాయన. ఆయన తలవైపు అరలో, ఇంటిల్లిపాది ఫోటోలూ కాగితాలూ దాచుకునే కంప్యూటర్ పెట్టె.

"ముందు ఈ మందు తాగండి అక్కా. రెండు చెంచాలు. పొద్దున ఎంత దగ్గారో! గోడ ఇవతల నాకే ఊపిరాడలేదు."

"నా దగ్గుకేంలే. పిలిచిన పని చెప్పు అమ్మాయ్. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను."

"తలుపు కొంచెం దగ్గరగా వెయ్యండి."

"పట్టపగలు తలుపేసుకుంటే మీ బావగారు ఏంటని అడుగుతారు. ఇలాగే చెప్పు."

"నిన్న ఈ లాప్‌టాప్‌లోంచే పెట్టెలో నా సర్టిఫికెట్లు తెరిచాను. అనుకోకుండా... అనుకోకుండా కాదు, కావాలనే తెరిచాను. తెరవగానే అది గుర్రుమంది. భయమేసి మూసేశాను."

"అయితే?"

"అయితే అంటారేంటి? నా పేరు పడిపోయి ఉంటుందిగా! ఎవరు తెరిచారు, ఏది తెరిచారు, ఏ వేళకి తెరిచారు, అన్నీ రాసుకుంటుందిగా అది. చిత్రగుప్తుడు నయం, చచ్చాక చూపిస్తాడు. ఇది రాసింది తెల్లారేసరికి కాఫీతో పాటు బావగారి చేతిలో ఉంటుంది."

"నీ కాగితాలు నువ్వు చూసుకున్నావు. తప్పేముంది?"

"తప్పు లేకపోతే మీ గొంతెందుకు తగ్గింది?"

"దగ్గి దగ్గి తగ్గింది."

"అసలు భయం అది కాదక్కా. పొద్దున బావగారు ఏమీ అనలేదు. కాఫీ తాగారు, కప్పు చేతికిచ్చారు, చక్కెర ఎక్కువైందన్నారు. అంతే. పోయిన నెల మా ఆయన ఇంటి దస్తావేజు తెరిచినప్పుడు ఏం చేశారు? అన్నం దగ్గర, పిల్లల ముందు, 'వాటా చూసుకుంటున్నావట్రా?' అన్నారు. మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. మరి నన్నెందుకు వదిలేశారు? లోపల పెట్టుకున్నారు. ఎప్పుడో అడుగుతారు."

"అడగరు."

"మీకెలా తెలుసు?"

"తెలుసు... అంటే, అడిగేవారైతే పొద్దున్నే అడిగేవారుగా. ఇంతకీ ఆ కాగితాలతో ఏం పని?"

"ఊరికే."

"ఊరికే చూసినదానివి ఊరికే వణుకుతున్నావా?"

"ఎవరో అడిగారు."

"ఎవరు?"

"ఒక స్కూలు వాళ్ళు."

"ఏ స్కూలు? మన వీధి చివరిదా?"

"కాదు. దూరం."

"బస్సులో వెళ్ళి రావచ్చా?"

"అదీ..."

"అమ్మాయ్, వెళ్ళి రావడమా, వెళ్ళడమేనా?"

"ఇల్లు కూడా వాళ్ళే ఇస్తారట. రెండు గదులు. మా ఆయన సరేనన్నారు. సాయంత్రంలోగా సర్టిఫికెట్లు పంపితే ఆ ఉద్యోగం నాది, లేకపోతే ఇంకొకరిది. అసలువి బావగారి బీరువాలో ఉన్నాయి, తాళంచెవి ఆయన జేబులో. ఇక ఉన్నవి ఆ పెట్టెలోనే. ఎటు తిరిగినా బావగారే అక్కా! ఎలుకబోనులోనైనా తినడానికి ఓ ముక్క పెడతారు."

"కాస్త మెల్లగా..."

"పంపాలంటే మళ్ళీ తెరవాలి. రెండోసారి పేరు పడిందంటే, ఎక్కడికి ప్రయాణం అంటారు. అంటే మా ఆయన తలెత్తరు. ఆయన తలెత్తకపోతే నేను కాలు కదపలేను. అందుకని..."

"అందుకని?"

"మీ పేరుతో తెరుస్తాను. మీరు రోజంతా పాత ఫోటోలు తెరుస్తూనే ఉంటారు కదా. చెరువులో చెంబెడు నీళ్ళు. మీ పేరు ఎన్నిసార్లు పడ్డా ఎవరూ పట్టించుకోరు."

"అవునులే. నన్నెవరు పట్టించుకుంటారు."

"అయ్యో, నేనన్నది అది కాదక్కా."

"అన్నది నిజమే. కానీ నా పేరు వద్దు."

"ఇంత చిన్న సాయం..."

"చిన్నదా? నువ్వు వెళ్ళిపోవడానికి గడియ నన్ను తియ్యమంటున్నావు. అది చిన్నదా?"

హాల్లోంచి పెద్దాయన గొంతు: "ఏమోయ్! పాలు మాడుతున్నాయి!"

"కట్టేశానండీ!"

"కట్టేశారా?"

"లేదు. పరిగెత్తి కట్టేసి రా. చూశావా, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో? అలవాటైన నోరు."

"కట్టేశాను. సగం పొంగిపోయాయి... అక్కా, ఒకటి అడగనా? అత్తగారి ఫోటోలు ఎవరో చెరిపేశారనే కదా బావగారు పెట్టెకి ఈ రాత నేర్పించింది. నేర్పించిన వారానికే ఇంకో మూడు పోయాయి. అప్పుడు పేరు పడే ఉండాలిగా? ఇప్పటికీ ఎవరో బయటపడలేదేం?"

"నువ్వు అడగాల్సింది అది కాదు. పొద్దున నేనూ మీ బావగారూ గదిలో ఏం చేస్తామనుకున్నావు?"

"మీరు ఆయనకి వార్తలు చదివి వినిపిస్తారు."

"వార్తలే. ఈ ఇంటి వార్తలు."

"అంటే?"

"మీ బావగారికి సన్నక్షరాలు ఆనక రెండేళ్ళు. అద్దాలు మార్చినా అంతే. తమ్ముడికి తెలిస్తే పెద్దరికం పలచనవుతుందని నాచేత ఒట్టు వేయించుకున్నారు. పెట్టె రాసింది రోజూ చదివేది నేనే."

"మీరా!"

"దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి, ఆ నోటితోనే. చదివితే చాడీ, చదవకపోతే అబద్ధం. ఏది తక్కువ పాపం స్వామీ అని ఎన్నోసార్లు అడిగాను. ఆ పెట్టె గుర్రుమనైనా అంటుంది. ఆ స్వామి అదీ అనలేదు."

"అయితే మా ఆయన దస్తావేజు తెరిచిన సంగతి..."

"చదివాను."

"ఎందుకక్కా? ఆయన రెండ్రోజులు అన్నం తినలేదు."

"తెలుసు. కంచం తీసింది నేనేగా. మీరు వేరు పోతారేమోనని భయమేసింది. మీ బావగారు కేకలేస్తే ఆగుతారనుకున్నాను. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే అమ్మాయ్. మిగతావాళ్ళు నాకు పనులు చెబుతారు, అంతే."

"మరి... ఇవాళ నా పేరు?"

"వచ్చింది. నాలుగో వరుసలో. నోరు తెరిచాను."

"చదివారా?"

"చదువుదామనే తెరిచాను. ఇంతలో దగ్గొచ్చింది. అది తగ్గేసరికి అయిదో వరుసలో ఉన్నాను."

"అక్కా!"

"ఏడవకు, హాల్లోకి వినబడుతుంది. నీ కాగితాలు నీ పేరుతోనే తెరువు. దొంగలా నా పేరెందుకు? ఊఁ, తెరువు. నా మనసు మారకముందే తెరువు."

హాల్లోంచి మళ్ళీ ఆ గొంతు: "పెట్టె గుర్రుమంటోంది! ఎవరక్కడ?"

"నేనేనండీ! ఫోటోలు!"

"సరే సరే. పొద్దున్నే చూస్తాగా, ఎవరో!"

"చూద్దురుగానిలెండి!... వెళ్ళిందా?"

"వెళ్తోంది... ఆఁ, వెళ్ళింది అక్కా. వెళ్ళిపోయింది. ఇంకొక్కటి చెప్పండి. అత్తగారి ఫోటోలు మూడు పోయిన రోజు, ఎవరి పేరు పడింది?"

"మీ బావగారి పేరే. కనబడక ఏదో నొక్కి, వాళ్ళమ్మని ఆయనే చెరిపేసుకున్నారు. ఆ పొద్దుటే పట్టుకుంది నాకీ దగ్గు. ఆ మందు సీసా తీసుకుపో అమ్మాయ్, మూత కూడా తియ్యకు."