ఆరుని మూడు లక్షలతో హెచ్చవేసిన పోలరాజు

పోలరాజు నోరు విప్పితే భద్రమ్మ టీకొట్టులో గ్లాసులు కడగడం కూడా ఆగిపోతుందని టాటానగర్ అగ్రికో బజారులో అందరికీ తెలుసు. కానీ డెబ్బై తొమ్మిదిలో ఆ ఆదివారం పొద్దున్న, పాపం, అతను కోతలు కొయ్యడానికి రాలేదు. టీ తాగి పోదామనే వచ్చాడు. తీరా చూస్తే బెంచీ మీద టాటానగర్ స్టేషన్లో పనిచేసే తవిటయ్య, పక్కన నోటుబుక్కుతో అతని కూతురు పద్మకుమారి కూర్చుని ఉన్నారు.

“ఒరే పోలరాజూ, రేపు మా అమ్మికి మీ గమ్హరియా కార్ఖానాలోనే ఇంటర్వ్యూరా. లేబరేటరీలో పని. రేకు మీద కరెంటు ఎంత దట్టంగా పరుసుకుందో, ఆ లెక్క పాత కొలతలోంచి కొత్త కొలతలోకి మార్సమంటారంట. నీకేటైనా తెలుసేటి?”

ఆ కార్ఖానాలో పోలరాజు పని రేకులు తుడవడం. రంగుమిషన్లోకి పోయేముందు ప్రతి రేకునీ గుడ్డతో అద్దంలా తుడుస్తాడు. ఆ పనిలో అతనికి వంక పెట్టేవాళ్ళు లేరు. ‘తెల్దు బావా’ అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఈలోగా భద్రమ్మ, “ఆడికేటి తెలుత్తాది!” అనేసింది.

అంతే.

“తెలుత్తాదేటా? అసలా లెక్క మార్సిందెవుడనుకున్నావు? నానే! ఇను. మా మిషన్ జర్మనీది. రేక్కి కరెంటు పట్టిత్తే రంగుపొడి దానంతటదే ఎగిరొచ్చి అంటుకుంటాది. ఎంత పట్టించాలో అట్టముక్క మీద ‘ఆరు’ అని రాసుంది. అది పాత కొలత. పోయిన నెల్లో కలకత్తా నుంచి కొత్త మీటరొచ్చింది. దానికి కొత్త కొలత, కూలుంబులు తప్ప మరేటీ తెల్దు. ఇంజినీరు మూడు దినాలు బుర్ర గోక్కున్నాడు. నాను బుజం మీద గుడ్డేసుకుని ఎల్లి, ‘సాబ్, ఏక్ మినిట్’ అన్నాను.”

“అచ్ఛా, ఫిర్? ఏం చేశావు?” అంది పద్మకుమారి, పెన్సిలు తీస్తూ.

మూడు లక్షలు అన్న మాట ఇంజినీరు గొణుక్కుంటుంటే పోలరాజు నిజంగానే విన్నాడు. ఆ మూడు లక్షలతో ఏం చెయ్యాలో మాత్రం వినలేదు.

“ఆరుని మూడు లక్షలతో హెచ్చేసాను. పద్దెనిమిది లక్షలు! నోటిలెక్కే, కాయితం ముట్టలేదు. ఇంజినీరు నా కాళ్ళ మీద పడబోతే, ‘వొద్దు సాబ్, పెద్దోరు’ అని లేవదీసాను.”

పద్మకుమారి పద్దెనిమిది లక్షలు రాసుకుంది. అది చూసి పోలరాజు, పిల్ల బతుకుతెరువు గదా, ఇక్కడితో ఆపేద్దామనుకున్నాడు. కానీ భద్రమ్మ అప్పటికే గ్లాసులు పక్కన పెట్టేసింది.

“ముల్లు పద్దెనిమిది లక్షల కాడెట్టి బటన్ నొక్కాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ముందు రంగుపొడి అంటుకుంది. దాని ఎనకాల నా గుడ్డ. గుడ్డ ఎనకాల ఫోర్‌మేన్ టోపీ, టోపీ ఎనకాల ఆయన జుత్తు! అది విగ్గని మాకు అప్పుడే తెలిసింది. క్యాంటీన్లోంచి రొట్టెలు వరసకట్టి వచ్చి రేక్కి టప్పు టప్పుమని అతుక్కున్నాయి.”

“పప్పు రాలేదేటి?” అంది భద్రమ్మ.

“సువర్ణరేఖ ఏట్లో నీళ్ళే లేసొత్తంటే పప్పొక లెక్కా! తాడు పేనినట్టు నీళ్ళు, అందులో చేపలు. మాంగో వంతెన మీద సాక్చీ పోతన్న బస్సు గమ్హరియా వేపు మూతి తిప్పేసింది. బ్రేకు తొక్కితే బ్రేకు కూడా ఇటే లాగింది. ఆ నెలాకరు దినం మీ స్టేషన్లో పాసింజరు బండి ఎనక్కి పోయింది గదా, తవిటయ్య బావా?”

“ఆ దినం నాను డ్యూటీలోనే ఉన్నానురా. అలాగేటీ అవలేదు.”

“బండి లేటా, కాదా?”

“లేటే.”

“ఎందుకు లేటో సెప్పేరా?”

“అదైతే సెప్పలేదు,” అన్నాడు తవిటయ్య. పోలరాజుకి ఆ మాట బెల్లంముక్కలా తోచింది.

“అప్పుడింక లాబం లేదని ఈ బొటనేలు రేక్కి ఆనించి మొత్తం కరెంటు నాలోకి లాగేసుకున్నాను. మూడు దినాలు మా ఇంటిది నూకాలమ్మ నా ఏలితోనే పొయ్యి ఎలిగించింది!”

పద్మకుమారి పెన్సిలు ఆపింది. “మావయ్యా, ఒకటి అడగనా? బియ్యం కుంచంతో కొలిస్తే ఎక్కువసార్లు కొలవాలా, గిద్దతోనా?”

“గిద్దతోనే. అదెవుడికి తెల్దు?”

“కొత్త కొలత కుంచం. పాతది గిద్ద. కొత్తది ఒకటైతే పాతవి మూడు లక్షలు. మరి గిద్దల్ని కుంచాల్లోకి మారిస్తే లెక్క తగ్గాలి కదా? ఆరుని మూడు లక్షలతో భాగించాలి. చదరపు మీటరుకి, ఒక కూలుంబుని లక్ష వంతులు చేస్తే అందులో రెండు వంతులు, అంతే. అసలు పాత కొలతలో ఎనిమిది అయ్యేసరికే గాలి తట్టుకోలేక చిటుక్కుమని నిప్పురవ్వ లేస్తుంది. నువ్వేమో పద్దెనిమిది లక్షల కూలుంబుల పక్కన నిలబడి రొట్టెలు లెక్కపెట్టావు!”

“మిషన్ జర్మనీది గదమ్మా...”

“గాలి గమ్హరియాదే కదా, మావయ్యా!”

భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పద్మకుమారి మాత్రం నవ్వలేదు. తీరిగ్గా నోటుబుక్కు మూసింది.

“పోనీలే, పెద్దవాళ్ళ మాట కాదనడం ఎందుకు. రేపు సాబ్ అడిగితే హెచ్చవేసే చూపిస్తాను. ఎవరు చెప్పారంటే పోలరాజు మావయ్య అంటాను. బటన్ నొక్కింది కూడా ఆయనేనని చెబుతాను.”

పోలరాజు కళ్ళముందు ఇంజినీరు కనబడ్డాడు. మిషన్ చుట్టూ గీసిన పచ్చగీత కనబడింది. దాన్ని దాటితే ఆ పూటే గేటు బయటికి పంపిస్తారు. రెండు చేతులూ జోడించాడు.

“బాగించమ్మా, బాగించు! ఆ మిషన్ కాడికి నన్ను రానియ్యరు తల్లీ! నాను రేకులు తుడుత్తాను!”