కాళ్లూ చేతులూ ఒకేసారి

ఈతకొలను గట్టు మీద అక్కా తమ్ముడూ. అక్కడ ఈత నేర్పేది అక్కే. నీళ్లలో ఉన్నది తమ్ముడి కూతురు.

“అక్కా, అదేంటి అలా ఈదుతోంది?”

“ఎలా?”

“ఎలా ఏంటి! కాళ్లు తంతోంది, చేతులు లాగుతోంది, మనిషి మాత్రం ఉన్నచోటే ఉంది.”

“కప్ప ఈత మరి.”

“కప్పలే నయం. చూడు, చూడు... మళ్లీ ఆగిపోయింది.”

“ఆగదూ? కాళ్లూ చేతులూ ఒకేసారి ఆడిస్తోంది. ముందు చేతులు లాగాలి, తలెత్తి ఊపిరి పీల్చాలి. చేతులు ముందుకు చాపేటప్పుడు కాళ్లు తన్నాలి. అప్పుడు జర్రున జారిపోతుంది మనిషి. రెండూ కలిపి ఆడిస్తే రెండూ కలిసే ముడుచుకుంటాయి. ఇంకెక్కడికి కదులుతుంది?”

“ఇంత తెలిసినదానివి దానికి చెప్పొచ్చుగా!”

“చెప్పొచ్చు.”

“చెప్పవేం మరి?”

“ఎండ బాగా ఎక్కింది కదూ?”

“మాట మార్చకు. రేపే పోటీ. మా అమ్మాయే ఫస్టని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నా.”

“చెప్పుకో. నాక్కూడా ‘రేపే పోటీ’ అన్న రోజు ఒకటుండేది. గుర్తుందా?”

“...ఇప్పుడెందుకవన్నీ?”

“ఆరోజు నాన్న నా ఈత బట్టలు పొయ్యిలో పెట్టారు. నేను కొలను దగ్గర మగపిల్లలతో ఇకఇకలాడుతున్నానని ఆయనకి నూరిపోసిందెవరు?”

“చిన్నతనం అక్కా...”

“చిన్నతనమా, కుళ్లా?”

“...కుళ్లే. ఎప్పుడూ నాకంటే ముందు నువ్వే గట్టు చేరేదానివి. చాలా?”

“చాల్దు. నువ్వు దీన్ని తెచ్చి నా దగ్గర వదిలిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. చిక్కావురా అనుకున్నా.”

“అంటే... కావాలనే? కావాలనే తప్పు నేర్పావా? నా మీద కసి దాని మీదా?”

“నలుగురిలో నీ తల వంగాలి. ఎన్నేళ్లుగానో అదొక్కటే కోరుకున్నా.”

“నీ కాళ్లు పట్టుకుంటానే. సాయంత్రం దాకా టైముంది, సరిగ్గా నేర్పు.”

“పట్టుకో.”

“అక్కా!”

“పట్టుకోమంటుంటే.”

“...ఇదిగో. పట్టుకున్నా. చల్లారిందా?”

“చల్లారింది. అబద్ధమెందుకు, హాయిగా ఉంది. ఇక లే. దానికి నేను తప్పు నేర్పలేదు.”

“ఏంటీ?”

“నేర్పుదామనే అనుకున్నా. ‘అత్తా’ అంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది, నోరు రాలేదు. మొదటిరోజే సరైంది నేర్పేశా.”

“మరి ఆ ఈదుడేంటి?”

“ఇందాకటిదాకా చేపపిల్లలా దూసుకుపోయింది. నువ్వు గేట్లోంచి లోపలికొచ్చావు, ఇదిగో, ఇలా మొదలెట్టింది.”

“నేనేం చేశాను?”

“పోయిన పోటీలో సెకండొచ్చిందని అందరి ముందూ చెంప పగలగొట్టావటగా. ‘నాన్న చూస్తున్నంతసేపూ ఇలాగే ఈదుతానత్తా, రేపు కూడా’ అంది.”