పిల్లకు పోసిన ఉడుకునీళ్లు

నా పేరు రాసుకునే ముందు ఒక దిద్దుబాటు రాసుకోండి, ఎస్సై గారూ. నిన్న ఫోనులో మీరు దీన్ని "మీ కోడలు పిల్ల మీద మరిగే నీళ్లు పోసిన కేసు" అన్నారు. నా కోడలు పిల్ల మీద మరిగే నీళ్లు పోయలేదు. గీజరు పోసింది. ఆ మాట మారేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవను. కుర్చీ కూడా బాగానే ఉంది.

ఇప్పుడు పేరు. స్వరాజ్యం, భర్త కీర్తిశేషులు ఈశ్వరయ్య. వయసు డెబ్బై ఒకటి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యాను. నివాసం శంషాబాద్ మండలం, పాల్మాకుల. నా కొడుకు మల్లేష్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. కోడలు సరిత ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తుంది. గాయపడింది వాళ్ల బిడ్డ మనీషా, ఐదేళ్లది. కోడలిని మెచ్చుకునే అలవాటు నాకు లేదు. ఆమె పెట్టే చారు గురించి అడిగితే వేరే వాంగ్మూలం ఇస్తాను. అందుకని ఇప్పుడు చెప్పేది అత్త మాటగా కాక, కళ్లతో చూసిన మనిషి మాటగా రాసుకోండి.

ఆ గీజరు దీపావళి తర్వాత శంషాబాద్‌లో ఒక దుకాణంలో కొన్నాం. కంపెనీ పేరు మీ దగ్గరున్న కాగితాల్లో ఉంది, నా నోటితో దానికి ప్రచారం చేయను. కంపెనీ మనిషే వచ్చి బాత్రూం గోడకు బిగించాడు. డిసెంబరులో అది లోపల గరగరమని మోగడం మొదలుపెట్టింది. ఫోను చేస్తే అదే మనిషి వచ్చాడు. మూత విప్పలేదు. పైపైన తడిగుడ్డతో తుడిచాడు.

"బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువున్నదమ్మా. జర గట్లనే మోగుతది. పరేషాన్ గాకుండ్రి" అన్నాడు.

"పాల్మాకులల బోరు నీళ్లే వస్తయని అమ్మేటప్పుడు యాదికి లేదా బిడ్డా?" అని అడిగాను. నవ్వి పోయాడు.

జనవరి పద్దెనిమిది, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర. సరిత డ్యూటీ దిగి వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోకుండా పిల్లకు స్నానం చేయించబోయింది. బాత్రూం వెనక వరండాలో ఉంది. తలుపు తీసే ఉంది, ఎందుకంటే నేను ఎదురుగా కూర్చుని పొడుపుకథలు వేస్తేనే మనీషా ఒంటి మీద నీళ్లు పడనిస్తుంది. నేను చిక్కుడుకాయలు గిల్లుతూ కూర్చున్నాను. వాళ్లు నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నారు.

సరిత బకెట్‌లో వేడినీళ్లు పట్టింది. చన్నీళ్లు కలిపింది. మోచేయి ముంచి చూసింది. ఇంకా కాస్త చన్నీళ్లు కలిపింది. మళ్లీ మోచేయి ముంచింది. ఇది నేను చూశాను. గీజరు మీద ఎర్రదీపం ఆరిపోయి ఉంది. దీపం ఆరితే కాగడం ఆగినట్టేనని బిగించినవాడే చెప్పాడు. ఇదీ నేను చూశాను. పిల్ల పీట మీద కూర్చుంది. సరిత రెండు చెంబులు పోసింది. "అమ్మా, సల్లగున్నయ్" అని మనీషా గునిసింది. చల్లగా ఉన్నాయంది. ఆ మాట విడిచిపెట్టకుండా రాయండి.

నేను పొడుపుకథ వేశాను. పిల్ల జవాబు చెప్పబోయింది. అంతలో విమానం వచ్చింది. మా ఇంటి మీదుగా విమానం పోతుంటే మేము మాట మధ్యలోనే ఆగిపోతాం. అది దాటాక ఆగిన చోటి నుంచి అందుకుంటాం. మా వాడలో అందరం అంతే. అందుకని పిల్ల ఆగింది. నేనూ ఆగాను. అప్పుడు గీజరు అడుగు పగిలింది. ఆవిరీ నీళ్లూ కలిసి పిల్ల ఎడమ భుజం మీద, వీపు మీద పడ్డాయి. పిల్ల నోరు తెరవడం చూశాను. అరుపు వినబడలేదు. విమానం దాటాక వినబడింది.

సరిత పిల్ల మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టింది. మిగిలిన నీళ్లు ఆ చేతుల మీద పడ్డాయి. చెంబుతో పోసేవాళ్ల చేతులు మణికట్టు నుంచి మోచేతుల దాకా కాలవు. ఆమె చేతులు కాలాయి. దవాఖానలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. యూనిఫాం చేతులు కిందికి దించుకుని కూర్చుంది. సాయంత్రం గుడ్డ చర్మానికి అంటుకుపోతే నర్సు చూసింది. నేను కూడా అప్పుడే చూశాను.

మల్లేష్ క్యాబ్‌లోనే పిల్లను నగరంలోని దవాఖానకు తీసుకుపోయాం. నేను పిల్లతో లోపల ఉన్నాను. బయట పోలీసు అవుట్‌పోస్టులో జమేదారు సరితను అడిగి రాసుకున్నాడు. ఆయనకు ఏం చెప్పావని తర్వాత ఎన్నిసార్లు అడిగినా సరిత ఒకటే మాట చెప్పింది: "పిల్లకు ఉడుకునీళ్లు పోస్తున్న సార్, గంతల్నే గీజరు పలిగింది అన్న."

జమేదారు రాసింది ఇది: "పిల్లపై మరుగుచున్న నీళ్లు పోయుచుండగా గీజరు పగిలినది."

ఆయనది ఏ ఊరో నాకు తెలియదు. రాసిన తెలుగు మాత్రం ఏ ఊరిదీ కాదు. సరిత చదవకుండా సంతకం పెట్టింది. ఆ పూట ఆమె ముందు ఏ కాగితం పెట్టినా పెట్టేది.

శంషాబాద్ చుట్టుపక్కల పిల్లకు నీళ్లు పోయడమంటే తానం చేయించడం. ఉడుకునీళ్లంటే చలికాలం పోసుకునేవి, తాగేవి. మరిగేవాటిని మసిలే నీళ్లు అంటాం. జమేదారు "కు" తీసి "పై" పెట్టాడు, ఉడుకును మరుగు చేశాడు. ముప్పై రెండేళ్లు పిల్లల విభక్తులు దిద్దాను. విభక్తి తప్పితే అర మార్కు పోయేది. తల్లి ముద్దాయి కావడం ఇదే మొదటిసారి చూస్తున్నాను. ఆ ఒక్క వాక్యం పట్టుకుని మీ ఠాణాలో సరిత మీద నిర్లక్ష్యం కేసు ఉంది. అదే వాక్యం పట్టుకుని కంపెనీ నష్టపరిహారం లేదంటోంది.

ఫిబ్రవరిలో కంపెనీ తరఫున రాజశేఖర్ అనే అధికారి మా ఇంటికి వచ్చాడు. సంచి నిండా ఆపిల్ పళ్లు తెచ్చాడు. ఆ వాక్యం నకలు కూడా తెచ్చాడు.

"మీ కోడలుగారే ఒప్పుకున్నారు కదండీ మేడం, మరిగే నీళ్లు పోశానని. అయినా మానవత్వంతో కొత్త గీజరు, ఆసుపత్రి బిల్లులో సగం ఇస్తామండీ. పాత గీజరు మాకిచ్చేసి, పొరపాటు మీదేనని ఒప్పుకుంటూ ఇక్కడో సంతకం పెడితే చాలండీ" అన్నాడు.

"కొత్త గీజరు దేనికి నాయనా? మాకు ఇంకో పిల్ల లేదు" అన్నాను.

"పోనీ, ఎంత ఆశిస్తున్నారండీ?" అని అడిగాడు. కాలిన చోట చర్మం పిల్లతోపాటు సాగదని, ఒళ్లు పెరిగినప్పుడల్లా ఆపరేషన్ కావాల్సి రావచ్చని డాక్టరు మాతో చెప్పాడు. అదే అతనికి చెప్పాను. "మా పిల్ల ఎదగడం ఎప్పుడు ఆగితే అప్పుడు మీ లెక్క ఆపండి" అన్నాను.

ఇంతలో సరిత అతని పెన్ను చేతిలోకి తీసుకుంది.

"నేనే పోసిన్నేమో అత్తమ్మా" అంది. "కాగితంల ఉన్నది గదా. పోసిన్నేమో."

రెండుసార్లు మోచేయి ముంచి చూసిన మనిషి ఆ మాట అంది. ఎస్సై గారూ, నేను భయపడింది అప్పుడే. గీజరు పగిలినప్పుడు భయపడటానికి తీరిక లేదు. పెన్ను లాక్కున్నాను. పళ్లు తిరిగి ఇచ్చేశాను. పెన్ను మాత్రం ఇవ్వలేదు, ఈ వాంగ్మూలం కింద దానితోనే సంతకం పెడతాను. అతను పోతూ గీజరు కోసం మళ్లీ మనిషిని పంపుతామన్నాడు. పంపాడు కూడా. అది ఇచ్చేస్తే ఎందుకు పగిలిందో చెప్పే వస్తువు ఇంకేదీ ఉండదు. అందుకని ఇవ్వలేదు.

మీరు ఇందాక, "ఒక్క మాటకు గింత పట్టుదల ఎందుకమ్మా?" అన్నారు. ఈ ఉదయం నేను దగ్గుతూ లోపలికి వచ్చాను. మీ హోంగార్డు జయశీల, "అవ్వా, జర ఉడుకునీళ్లు తాగుతవా?" అని అడిగింది. మీరు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "ఇయ్యి, ఇయ్యి, పెద్దమనిషికి ఉడుకునీళ్లియ్యి" అన్నారు. గ్లాసు నిండా తాగాను. నా నాలుక కాలలేదని అప్పటి నుంచి ఠాణా అంతా వింటూనే ఉంది. ఆ జమేదారు లెక్కన మీరిద్దరూ కలిసి ముసలిదానితో మరిగే నీళ్లు తాగించారు. కేసు పెట్టుకుంటారా?

మీరు నవ్వారు. నవ్వు రాయనక్కర్లేదు, మాట రాయండి.

ఆ రోజు నుంచి సరిత పిల్లకు నీళ్లు పోయడం లేదు. కట్టు తడవకుండా గుడ్డతో నేనే తుడుస్తున్నాను. సరిత మాత్రం ఆ చలిలోనూ చన్నీళ్లే పోసుకుంది, ఇప్పుడూ అంతే. నిన్న మనీషా, "నానమ్మా, అమ్మ ఎప్పుడు పోస్తది?" అని అడిగింది. సరిత పక్కనే ఉంది. లేచి బయటికి పోయింది.

పాత వాక్యం పక్కన ఈ మాట చేర్చి, కోర్టుకూ వినియోగదారుల కమిషన్‌కూ పంపమని కోరుతున్నాను: "పిల్లకు ఉడుకునీళ్లు, అనగా గోరువెచ్చని నీళ్లు, పోసి స్నానం చేయించుచుండగా గీజరు పగిలి కాల్చినది." గీజరును మీరు స్వాధీనం చేసుకుని పరీక్షకు పంపాలి. కంపెనీ చేతికి పోకూడదు.

ఇదంతా నేను చూసింది, నా చెవులతో విన్నది. చదివి వినిపించారు, మూడుచోట్ల ఒత్తులు దిద్దించాను. ఇందులో కల్పన లేదు. కోపం ఉంది, అది కూడా నాదే, ఎవరూ నేర్పింది కాదు. ఆ వేలిముద్రల డబ్బా అవతల పెట్టండి.

(సంతకం) స్వరాజ్యం

సంతకం కింద ఇంకో మాట. గీజరు మా వెనక గదిలో గోనెసంచిలో కట్టి ఉంది. తాళంచెవి పక్కింటి రాములమ్మ దగ్గర పెట్టాను. యూనిఫాం చూసి ఇచ్చే మనిషి కాదు, జయశీలను పంపండి, రాములమ్మ ఆమెను ఎరుగును. మధ్యాహ్నం మూడింటికి పోవాలి, అప్పుడు పిల్ల నిద్రపోతుంది. సంచి విప్పకుండా వెనక గేటు నుంచి తీసుకురావాలి, పిల్ల లేస్తే దాన్ని చూడకూడదు. వచ్చే ముందు జయశీల సరితను వరండాలో కూర్చోబెట్టి, దిద్దిన వాక్యం చదివి వినిపించాలి. గట్టిగా చదవాలి. మధ్యలో విమానం వస్తే ఆగాలి. దాటాక మాత్రం ఆగిన చోటి నుంచి కాదు, మొదటి నుంచి చదవాలి.