ప్రేమమ్మ గారి బావి నీళ్లు

ఎవరూ, శామ్యూల్ రాజా? కూచో హేమా, చెప్తాను. నీ కాలేజీలో మంచుయుగం పాఠం అన్నావు చూడు, అది నాకు మొదట చెప్పింది వాడే. మా నాగాయలంకలో పక్కిల్లే. సముద్రం అడుగు బురద తీసి, పూర్వం నీళ్లలో ఉప్పెంతుండేదో చూసే ఉద్యోగం. "బురద మన కాలవలో లేదంట్రా?" అనేవాణ్ణి. నవ్వేవాడు పాపం. వాళ్లమ్మ ప్రేమమ్మ గారికి ఇసక దిబ్బ మీద చిన్న బావి ఉండేది. చుట్టూ ఎక్కడ తవ్వినా ఉప్పే, అందులో మాత్రం మంచినీళ్లు. వాననీరు తేలికమ్మా, పైన నిలుస్తుంది. ఉప్పునీరు బరువు, కిందుంటుంది. చెంబుతో పైపైనే ముంచాలి. బకెట్టు దభీమని వేశావా, ఆవిడ చేతిలో అయిపోయావే! ఆ గట్టు మీదే చెప్పాడు వాడు: "బావా, ఉత్తరాన చలికి ఉప్పునీళ్లు బరువెక్కి అడుక్కి దిగుతాయి. అలా దిగబట్టే సముద్రం తిరుగుతుంది. మంచుయుగం పోయేటప్పుడు కరిగిన నీళ్లు పైన మూతలా పరుచుకున్నాయి. దిగడం మందగించింది. అక్కడ అలాగైతే ఇక్కడ మన వానలు తగ్గిపోయాయి." నాకెందుకో భయమేసింది.

ఆ ఏడే ఆవిడ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అమ్మ కష్టం చూళ్లేక వీడు చిన్న మోటారు పెట్టాడు. తెలీక కాదు, "కొంచెమే తోడతాం బావా" అన్నాడు. ఎండాకాలం ఊరంతా బిందెలతో వస్తే ఆవిడ ఎవర్ని కాదంటుంది? అడుగు ఉప్పు పైకొచ్చేసింది. మోటారు పీకేశాడు. "వానలకి తియ్యబడదంట్రా?" అంటే, "సముద్రం మళ్లీ దార్లో పడ్డానికి వందలేళ్లు పట్టింది బావా" అన్నాడు. ఆ మొహం చూళ్లేకపోయాను.

వాడి ఉద్యోగం వైజాగ్‌లో. అక్కణ్ణుంచి రోజూ అమ్మకి ఫోను. "నీళ్లెలా ఉన్నాయమ్మా?" "తియ్యబడ్డాయి నాయనా." అబద్ధం! వాడొస్తే మా ఇంటి క్యాను నీళ్లు కుండలో పోసి ఇచ్చేది. తను మాత్రం ఆ ఉప్పునీళ్లే. మా ఆవిడ సులోచన పోట్లాడితే, "తోడి తాగుతుంటేనే బావి బాగుపడుద్దే" అనేది. బీపీ మనిషి. కాళ్లు వాచిపోయాయి. ఎంత చెప్పినా వినలేదమ్మా, వినలేదు.

ఆవిణ్ణి సమాధి చేసొచ్చాక వాడు ఆ బావి దగ్గరికెళ్లి చెంబు ముంచాడు. ఒక్క గుక్క. ఉమ్మలేదు, మింగలేదు. అలాగే నన్ను చూస్తూ నిలబడ్డాడు.

...లే హేమా, నీ బస్సొచ్చే వేళైంది.