పీపాలోని ఊట

మొరావా నది ఒడ్డున చిన్న ఆసుపత్రి. కాళ్ళు వాచిపోయి ఆయాసపడుతున్న మొగుడి మంచం దగ్గర ముసలమ్మ నర్సును నిలేసింది.

“మా ఆయనకు సెలైన్ ఎందుకు తీసేశావే పిల్లా? పక్క మంచం ఆయనకు ఎక్కిస్తున్నావుగా!”

“ఆయన వాంతులై ఎండిపోయాడు మామ్మా. తాతకు గుండె సరిగ్గా కొట్టుకోక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. సెలైనంటే ఉప్పునీళ్ళే. ఇంకా ఎక్కిస్తే మునిగిపోతాడు.”

“ఈయన మునగడమా! వరదలో ఎద్దును భుజానేసుకుని ఈ ఏరు ఈదాడు. సగం దూరం ఎద్దే మోసిందని మా మరిది అంటాడు గానీ, వాడికి కుళ్ళు.”

“నిన్న మందుతో తగ్గిన నీరు ఇవాళ రెట్టింపైంది. ఏం తాగించావు?”

“నీళ్ళు చుక్క పొయ్యలేదు, నీమీదొట్టు! దాహం దాహమంటే క్యాబేజీ ఊరేసిన పీపాలోంచి ఊట తెచ్చి పోశానంతే. మనూళ్ళో పీనుగైనా దానికి లేచి కూర్చుంటుంది.”

“అదీ ఉప్పే కదా మామ్మా!”

ముసలమ్మ ఊట చెంబును మంచం కిందికి తోసేసింది. “అయితే ఇక పెదవి కూడా తడపనమ్మా.”

నర్సు గొంతు తగ్గించింది. “ఇందాక డాక్టరు చూశారు. ఇక తాత ఏదడిగితే అది ఇమ్మన్నారు.”

“ఇవ్వొచ్చా? అంటే నయమైనట్టేగా?”

నర్సు మంచం చుట్టూ తెర లాగి, ఆవిడకు కుర్చీ వేసింది.