గుడ్లు పెట్టే నీళ్ల జోలికి పోకండి

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న చేపల ఎగుమతిదారుల సంఘం అధ్యక్షుల వారికి, మా మత్స్యశాఖ పెద్దలకు, బోటు యజమానులకు, బోట్లు నడిపే సరంగులకు, ఐసు ఫ్యాక్టరీ మిత్రులకు, ముందుకు రమ్మని ఎంత పిలిచినా వెనక వరుస వదలని మా మరిదికి, ఆయన పక్కన కూర్చుని నా వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్న మా చెల్లెలికి నమస్కారం.

ఇందాకటి నుంచి అందరూ నా ఓర్పును తెగ పొగుడుతున్నారు. అయ్యా, నాకు ఓర్పు ఏనాడూ లేదు, ఉన్నదల్లా గొంతే. (నవ్వులు) ఈ రేవులో చేపల తనిఖీకి చేరిన నాటి నుంచి ఒకటే మాట అరిచి అరిచి అదీ బొంగురుపోయింది. పిల్ల ట్యూనాలను పట్టకండి, ఒక్కసారైనా గుడ్లు పెట్టనివ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం. ఇంతే కదా! మీరిచ్చిన ఈ గాజుపెట్టెలో వెండి ట్యూనా ముద్దుగా ఉంది, కానీ ఇది కూడా కొలతకు తక్కువే. (నవ్వులు) నవ్వుతారు. ఎప్పుడూ నవ్వుతూనే ఉన్నారు.

మా మరిది సంగతి ఆయనను అడిగే చెబుతున్నాను. ఒక పొద్దున ఆయన బోటు నిండుగా వచ్చింది. ఐసు తవ్వి చూస్తే మూరెడైనా లేని పిల్ల ట్యూనాలు. ఎగుమతి లారీ తలుపులు బార్లా తెరుచుకుని కాచుకుని ఉంది. అమ్మడానికి వీల్లేదన్నాను.

"ఇంటి మనిషివై ఉండి ఇదేంటి వదినా? నేను పట్టకపోతే పక్క బోటువాడు పట్టడా?"

"వాడివీ ఆపుతా. ముందు నీవి దించు."

సరుకంతా జప్తు చేయించాను. మా చెల్లెలు గేటు దాకా వచ్చి, "మాకంటే నీకు చేపలే ఎక్కువయ్యాయి" అనేసి వెళ్లిపోయింది. మావి ఎదురెదురు ఇళ్లు. ఆ రోజు నుంచి నేను గుమ్మంలోకి వస్తే తను తలుపు వేసుకునేది. నిబ్బరంగా తట్టుకున్నానని ఇందాక ఎవరో అన్నారు. తట్టుకోలేదండీ. సరే, అది అలా ఉంచుదాం.

నేను ఆపగలిగింది ఒక్క బోటునే. మిగతావాళ్లు దొంగచాటుగా పడుతూనే ఉన్నారు. చివరికి ట్యూనా కనబడకుండా పోయింది. బోట్లు ఐసు వేసుకుని వెళ్లి అది కరిగిన నీళ్లు మోసుకొచ్చేవి. ఒక సాయంత్రం మా మరిది ఆఫీసుకొచ్చి కుర్చీ అంచున కూర్చుని, "చేప ఏమైపోయింది వదినా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నన్నడుగుతావేంటయ్యా! మొత్తుకున్నప్పుడు చెవులు ఎక్కడ పెట్టుకున్నారు?" అని దులిపేశాను. మనిషి కదల్లేదు. తిట్లన్నీ అయ్యాక, "ఇప్పుడేం చెయ్యాలో చెప్పు" అన్నాడు.

చెప్పాను. చేశాడు. పిల్ల చేపలు కూడా చిక్కే సన్నకన్ను వల తీసేసి గాలాలకు మారాడు. ట్యూనా గుడ్లు పెట్టేది దీవి వెనక నీళ్లలో కదా, ఆ కాలంలో అటు వెళ్లకూడదని బోటు బోటుకూ తిరిగి ఒప్పించాడు. నేను చెబితే సర్కారు మాట, ఆయన చెబితే తమలో ఒకడి మాట. ఆ తర్వాతే శాఖ ఆ కాలంలో అక్కడ వేటకు నిషేధం పెట్టింది, ఆ తర్వాతే చేప మెల్లగా మళ్లీ వచ్చింది.

ఇప్పుడు అధ్యక్షుల వారు ఏమన్నారు? "మేడమ్ కృషి వల్ల చేప తిరిగొచ్చింది, ఆ సంతోషంలో నిషేధం ఎత్తేయమని కోరుతున్నాం" అన్నారు. మీరేమో చప్పట్లు కొట్టారు! పంట బాగా వచ్చిందని విత్తనాలు కూడా వండుకు తింటామా అండీ? రేపటి నుంచి నాకు ఏ అధికారమూ లేదు, కాబట్టి సరంగులనే అడుగుతున్నాను. నిషేధం ఎత్తేసినా ఆ కాలంలో మేం అటు వెళ్లం అనేవాళ్లు చేతులెత్తండి.

(మరిది ఒక్కడే లేచి నిలబడ్డాడు.)

కూర్చోవయ్యా, నీ సంగతి నాకు తెలుసు. తక్కినవాళ్లు?

(వెనక వరుస నుంచి చెల్లెలి గొంతు: "ఎత్తండయ్యా చేతులు! అక్క అడుగుతుంటే వినబడట్లా?" నవ్వులు. ఒకటొకటిగా చేతులు లేచాయి.)

...క్షమించాలి, ఒక్క నిమిషం. మంచినీళ్లు ఇలా ఇవ్వండి.

అందరూ ఎత్తలేదు. నాకు కనబడుతూనే ఉంది. ఎత్తనివాళ్ల ఇళ్లకు నేను స్వయంగా వస్తాను, ఇప్పుడు తీరిక కూడా దొరికింది. అధ్యక్షా, మీరు చూసింది పైవాళ్లకు మీరే చెప్పండి. సభ జరిపినవారికి, నా తిట్లు కదలకుండా విన్నవారికి, చేతులెత్తినవారికి కృతజ్ఞతలు. మా చెల్లెలు ఇంటికి వెళ్లేలోపు నేను ఆమెను అందుకోవాలి. ఇక సెలవు.